సీలు విప్పని సీసా

నేను ఒక ఎంజైమ్‌ని. చిదురాల జగదీశ్వర్ అనే ప్రొఫెసర్ చేతిలో పాడైపోయిన ఎంజైమ్‌ని. ఆయన పేరు ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే జనం అప్పటికే మెత్తబడి, "పాపం, ఎవరి తప్పూ లేదు, కాలం అలాంటిది" అంటారు. కాలానికి ఇందులో ఏం సంబంధం లేదు. ఉత్తర తెలంగాణలో ఒక యూనివర్సిటీ, అందులో జీవరసాయన శాఖ, రెండో అంతస్తు, ఎడమ చేతి గది, తువ్వాలు కప్పిన కుర్చీ, ఆ కుర్చీలో ఆయన. తప్పు అక్కడుంది.

నా పేరు కాటలేజ్. మీరు ఊపిరి తీసుకున్న ప్రతిసారీ మీ కణాల్లో కాస్త విషం తయారవుతుంది. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటారు. మందుల షాపులో కూడా దొరుకుతుంది. దెబ్బ తగిలితే పోసుకుంటారు, తెల్లగా నురగ వస్తుంది, మందు బాగా పనిచేస్తోందని సంతోషపడతారు. ఆ నురగ మందుది కాదు. మీ రక్తంలో ఉన్న మావాళ్ళు ఆ విషాన్ని నీళ్ళుగా, గాలిగా విడగొడుతుంటే లేచే బుడగలవి. పని ఒకరిది, పేరు సీసా మీద అచ్చయినవాడిది. ఈ ఏర్పాటు నేను తర్వాత యూనివర్సిటీలో కూడా చూశాను.

నన్ను మనిషి ఎంజైమ్ అంటారు గానీ నేను ఏ మనిషి ఒంట్లోనూ పుట్టలేదు. హైదరాబాద్ శివారులో ఒక కంపెనీ వాళ్ళు మనిషి జన్యువును ఒకదాన్ని తీసి, పేగుల్లో బతికే ఒక సూక్ష్మజీవిలో పెట్టారు. ఆ సూక్ష్మజీవే నా తల్లి. దానికి ఉప్పు, చక్కెర, కాస్త ఇనుము కలిపిన పులుసు పోసి, పెద్ద స్టీలు పీపాలో పద్దెనిమిది గంటలు తిప్పారు. నా చదువు ఆ పద్దెనిమిది గంటలే. తర్వాత తల్లిని శబ్దంతో బద్దలుకొట్టి నన్ను బయటికి లాగారు. అక్కడితో బడి ముగిసింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పెద్ద చదువులవాళ్ళ చేతుల్లో నలిగి నేర్చుకున్నదే.

నా కట్టడం గురించి ఒక్క మాట చెప్పాలి. నేను నాలుగు ముక్కల కలయికను. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కాపురం అనుకోండి. నలుగురూ ఒకరినొకరు పట్టుకుని ఉంటేనే పని నడుస్తుంది. ఒకసారి గడ్డకట్టించి అలాగే ఉంచితే ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటాం. కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే మాత్రం మంచు పలుకులు మా మధ్యకు దూరి తోస్తాయి. కొందరం విడిపోతాం. విడిపోయినవాళ్ళు మళ్ళీ కలవరు. ఇది ఎవరికీ తెలియని రహస్యమేం కాదు. నా ఒంటి మీదే రాసి అంటించారు: మైనస్ ఎనభై డిగ్రీల దగ్గర ఉంచండి, మొదటిసారి కరిగించినప్పుడే చిన్న భాగాలు చేసుకోండి, కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకండి. దాని కింద, ఐదు వేల యూనిట్లు అని. యూనిట్ అంటే నా పనికి కొలత, కూలీకి పనిదినం లాంటిది. లేబుల్ ఇంగ్లీషులో ఉంది. ప్రొఫెసర్‌గారు ఇంగ్లీషు బాగా చదువుతారు.

జులైలో, చిటికెన వేలంత గాజు సీసాలో, నెత్తిన అల్యూమినియం సీలుతో, థర్మాకోల్ పెట్టె నిండా పొగలు కక్కే పొడి మంచు మధ్య ఆ శాఖకు చేరాను. పెట్టె మూత తీసింది అటెండర్ గోలి ఐలయ్య. పక్కన స్రవంతి నిలబడి ఉంది.

"అబ్బ! పొగ జూడు మేడం. ఇంత చిన్న సీసకు ఇంత యాగమా?" అన్నాడు ఐలయ్య.

"మెల్లగన్నా! కింద పడితే నేను గూడ దాని ఎంబడే పడాలె," అంది స్రవంతి.

ఆమె ఎగతాళికి అన్న మాట కాదది. ఈసంపల్లి స్రవంతిది నర్సంపేట దగ్గర పల్లె. నల్లమద్ది బెరడు రసం మా జాతిని వేడి నుంచి కాపాడుతుందని ఆమె ఆరేళ్ళుగా చెబుతోంది. అడవికి పోయి బెరడు తెచ్చి హాస్టల్ డాబా మీద ఆరబెడితే ఒకసారి కోతులు ఎత్తుకుపోయాయట, మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంది. పశువు కాలేయం నుంచి తీసిన కాటలేజ్ మీద అంతా చేసి చూపి థీసిస్ ఇచ్చింది. ఎగ్జామినర్ దాన్ని తిప్పి పంపాడు. బాగుంది గానీ, మనిషి ఎంజైమ్ మీద కూడా మూడుసార్లు చేసి చూపండి, అక్టోబరు ముప్పై ఒకటి లోపు గైడు సంతకంతో పంపండి అన్నాడు. ఆమె రిజిస్ట్రేషన్ గడువు కూడా ఆ రోజుతోనే తీరుతుంది. అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. ఆ పరీక్ష కోసమే శాఖ నన్ను తెప్పించింది. ఒక్క సీసా. ఇంకొకటి కావాలంటే ఫైలు పైకి పోయి కిందికి రావడానికి నాలుగు నెలలు.

అంటే ఆరేళ్ళ చదువు నా మీద ఆధారపడింది. నాకు గర్వంగా అనిపించలేదని చెబితే అబద్ధం.

"సార్, రేపే కరిగించి పది చిన్న గొట్టాలల్లకు పంచుకుంట," అని ఆమె ప్రొఫెసర్ గదిలో అడిగింది. పెట్టె బల్ల మీదే ఉంది, నేను విన్నాను.

"సీలు దియ్యాల్నా?" అన్నాడాయన.

"తియ్యకుంటె ఎట్ల సార్?"

"ఆగాగు. సీలు దీసినంక దీంట్ల ఏముంటది స్రవంతీ? రేపు తనిఖీ బృందం వస్తది. పది ప్లాస్టిక్ గొట్టాలు జూపిస్తే చెక్కెర నీళ్ళనుకుంటరు. సీలుండాలె, కంపెనీ పేరుండాలె. అప్పుడు గద శాఖకు విలువ."

"తనిఖీ ఎప్పుడు సార్?"

"ఆగస్టుల. ఇంకెన్ని దినాలున్నయి?"

కొత్త సోఫా కొని, ప్లాస్టిక్ కవరు తీయకుండా దాని మీదే ఏళ్ళ తరబడి కరకరలాడుతూ కూర్చునే ఇళ్ళు ఉన్నాయని ఐలయ్య ఒకసారి ఎవరితోనో చెబుతుంటే విన్నాను. తాను చూసిన ఇల్లు ప్రొఫెసర్‌గారిదేనని కూడా చెప్పాడు.

నన్ను మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో పెట్టారు. అక్కడ వదిలేసి ఉంటే ఈ ఆత్మకథ రాసే అవసరమే ఉండేది కాదు. వారం తిరక్కుండా బయటికి తీశారు. వైస్ ఛాన్సలర్ వచ్చాడట. ఒక స్టీలు పళ్ళెంలో పెట్టి ఆయన ముందుకు తీసుకెళ్ళారు. ఆయన నన్ను పిడికిట్లో పట్టుకున్నాడు. పిడికిలి వేడి ముప్పై ఏడు డిగ్రీలు. అరగంట పట్టుకున్నాడు, ఎందుకంటే ఫొటో తీసేవాడు టీ తాగడానికి పోయాడు.

"ఇది ఏం చేస్తుంది?" అని అడిగాడు.

"ముసలితనాన్ని ఆపుతుంది సార్," అన్నాడు జగదీశ్వర్.

నేను ముసలితనాన్ని ఆపను. కానీ ఆ అరగంటలో నీళ్ళయిపోయాను. ఫొటో అయ్యాక మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టారు, మళ్ళీ గడ్డకట్టాను. నాలో కొన్ని ఉమ్మడి కాపురాలు ఆ రోజే విడిపోయాయి. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. సీలు మెరుస్తూనే ఉంది.

ఆగస్టు తనిఖీ సెప్టెంబరుకు జరిగింది, సెప్టెంబరుది అక్టోబరుకు. ఈలోగా తనిఖీకి తయారు కావడానికి ఒక ఉత్తుత్తి తనిఖీ పెట్టుకున్నారు. పక్క శాఖవాళ్ళు పెద్దమనుషుల్లా నటిస్తూ వచ్చి, నన్ను చూసి, "అద్భుతం," అన్నారు. నటించడానికి వాళ్ళకు గంటన్నర పట్టింది. కరగడానికి నాకు నటన అక్కర్లేకపోయింది.

స్రవంతి నెలకోసారి ఆయన తలుపు దగ్గర నిలబడేది. "సార్, ఎన్నిసార్లు బయటికి తీస్తే అంత పాడైతది," అనేది. ఆయన కోప్పడేవాడు కాదు. కోప్పడి ఉంటే ఆమె కూడా నాలుగు మాటలు అనేదేమో. ఆయన నవ్వేవాడు. "సీలుండంగ ఎట్ల పాడైతదమ్మా?" అనేవాడు. జీవరసాయన శాస్త్రంలో ఇరవై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పిన మనిషి.

అసలు తనిఖీ అక్టోబరు ఇరవైన జరిగింది. ఎర్ర మఖమల్ గుడ్డ మీద నన్ను నిలబెట్టారు. పైన ట్యూబ్‌లైటు, గదిలో ముప్పై ఒక్క డిగ్రీలు. కళ్ళజోడు పెద్దాయన ఒకడు నా దగ్గరికి వంగి, "దీన్ని ఏ ఉష్ణోగ్రతలో ఉంచుతారు?" అని అడిగాడు.

"మైనస్ ఎనభై సార్," అన్నాడు జగదీశ్వర్.

ఆ పెద్దాయన నా వైపు చూస్తూనే మైనస్ ఎనభై అని కాగితం మీద రాసుకున్నాడు. శాఖకు మంచి మార్కులు వచ్చాయి.

ఆ సాయంత్రం జగదీశ్వర్ స్రవంతిని పిలిచి, "ఇంక నీ ఇష్టం. సీలు దీసుకో. కని రేపటిసంది సెలవులు గద, ల్యాబు బంద్. పండుగ చేసుకొని రా," అన్నాడు. ఆమె లెక్కపెట్టుకుంది. దసరా ఇరవై నాలుగు. ఇరవై ఆరున వస్తే ఐదు రోజులుంటాయి. పరీక్షకు ఒక్క రోజు చాలు. సద్దుల బతుకమ్మకు ఊరెళ్ళింది. ఆమెను నేను తప్పుపట్టను. ఆరేళ్ళలో ఆమె ఆడిన బతుకమ్మలు రెండో మూడో.

ఇరవై మూడున ఆయుధ పూజ. ఆ శాఖలో పాత ఆచారం ఒకటుంది. మెకానిక్ షెడ్డులో పానాలకు, బస్ డిపోలో బస్సులకు చేసినట్టే, ల్యాబులో పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు. ఐలయ్య పొద్దున్నే వచ్చి తిరుగుడు యంత్రానికి, తూనిక పెట్టెకు, సూక్ష్మదర్శినికి బొట్లు పెట్టాడు. ఫ్రీజర్‌కు కూడా పెట్టాలి. దుమ్ము పట్టి ఉన్నదానికి బొట్టు పెడితే బాగుండదని ప్రొఫెసర్ అన్నాడు. అందుకని స్విచ్ ఆపి, మంచంతా కరిగించి, లోపలా బయటా సబ్బునీళ్ళతో కడిగారు. నన్ను తీసి బంతిపూల మధ్య పెట్టారు.

ఒక్క ఐలయ్యకే అనుమానం వచ్చింది. "సారూ, ఇది బయట పెట్టొచ్చునా? మేడం వద్దన్నట్టు యాదికున్నది."

"పూజ పావుగంట ఐలయ్యా. శాఖల అన్నిటికంటె విలువైన వస్తువది. దానికే పూజ లేకుంటె ఎట్ల?"

"మేడంకు ఒక ఫోన్ గొట్టనా సార్?"

"పండుగ పూట ఆ పిల్లనెందుకు సతాయిస్తవు?"

పావుగంట పూజ రెండున్నర గంటలు పట్టింది. పులిహోర రావాల్సి ఉంది, అది ప్రొఫెసర్‌గారి ఇంటి నుంచి వస్తోంది. హారతి ఇస్తూ కర్పూరం పళ్ళెం నా ముందు మూడుసార్లు తిప్పారు. పసుపు, కుంకుమ నా లేబుల్ మీద, సరిగ్గా మళ్ళీ గడ్డకట్టించకండి అనే మాట మీద పెట్టారు. తర్వాత కడిగిన ఫ్రీజర్‌లో, శుభ్రంగా, భక్తిగా, నన్ను మళ్ళీ గడ్డకట్టించారు.

ఇరవై ఆరు ఉదయం స్రవంతి వచ్చింది. ఫ్రీజర్ తలుపు మీద బొట్టు చూసింది. నన్ను బయటికి తీసింది. లేబుల్ మీద పసుపు చూసింది. పసుపును బొటనవేలితో తుడిచింది, అది పోలేదు.

"ఐలన్నా, ఎంతసేపు బయటున్నది?"

ఐలయ్య తల దించుకున్నాడు. "పులిహోర వచ్చిందాక మేడం."

సీలు చాలా గట్టిది. నాలుగు నెలలు దాని పరువు కాపాడారు మరి. స్రవంతి వేళ్ళకు లొంగకపోతే ఐలయ్యే పటకారు తీసుకుని విప్పాడు. అల్యూమినియం అంచు సర్రున తెగి అతని వేలు కోసింది. రక్తం బొటబొటా కారింది. అతను పక్క బల్ల మీదున్న హైడ్రోజన్ పెరాక్సైడ్ తీసి వేలి మీద పోసుకున్నాడు. ఇంత తెల్ల నురగ బుసబుసమని లేచింది. నావాళ్ళు. లేబుల్ లేదు, సీలు లేదు, పూజ లేదు. పదో తరగతి తప్పిన అటెండర్ వేలి చివర ముప్పై ఏడు డిగ్రీల దగ్గర హాయిగా పనిచేసుకుంటున్నారు.

తర్వాత నా వంతు. ఆమె నాలో ఒక చుక్క తీసి పెరాక్సైడ్‌లో కలిపి యంత్రంలో పెట్టింది. నేను విషాన్ని విడగొడుతుంటే తెర మీద అంకె గబగబా దిగాలి. దిగలేదు. రెండు నిమిషాలకు వెంట్రుకంత కదిలింది. ఆమె పెరాక్సైడ్ మార్చింది. మళ్ళీ అంతే. పాత పశువు కాలేయం ఎంజైమ్ ఒక చుక్క వేసింది. అంకె మెట్ల మీంచి పడ్డట్టు జారింది. యంత్రం బాగానే ఉంది. పెరాక్సైడ్ బాగానే ఉంది. బాగా లేనిది నేను.

కాగితం మీద గుణించి చూసుకుంది. ఐదు వేలలో నాలో మిగిలినవి రెండు వందల పన్నెండు యూనిట్లు.

"నాది పెట్టుకోరాదు మేడం?" అన్నాడు ఐలయ్య, గుడ్డ చుట్టిన వేలు చూపిస్తూ. "నేను గూడ మనిషినే గద. ప్రొఫెసర్ సారు ఒప్పుకోడేమో గని."

స్రవంతికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళతో పాటు. "నీ రక్తంల ఇంకేమేం కలిసున్నయో ఎవరికి తెలుసన్నా? శుద్ధి చేసిందే ఉండాలె. ఎగ్జామినర్ ఒప్పుకోడు."

అప్పుడామె ఏడుస్తూ కూర్చోలేదు. అందుకే ఆమె గురించి ఇంత చెబుతున్నాను. రెండు వందల పన్నెండుతో మూడు పరీక్షలు కావు. ఒక్కటవుతుంది. ఉన్నదాన్ని రెండు గొట్టాల్లో సగం సగం పోసింది. ఒకదాంట్లో నల్లమద్ది రసం కలిపింది, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. రెండింటినీ ఒకే వేడిలో పెట్టింది. ఆ రసం రంగు ఇటుక పొడిలా ఉంటుంది. వగరుగా ఉంటుందని విన్నాను, నాకు నాలుక లేదు. కానీ వేడి మొదలయ్యాక ఆ రసం నా నాలుగు ముక్కల చుట్టూ చేరి పట్టుకుంది. పుట్టాక నన్ను ఎవరైనా అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

తీసి చూస్తే, నీళ్ళలో ఉన్న సగంలో నూటికి తొమ్మిది పాళ్ళే మిగిలాను. రసంలో ఉన్న సగంలో అరవై ఒకటి. ఆమె ఆరేళ్ళుగా చెబుతున్నది నిజం. పెరాక్సైడ్‌లో పడగానే బుడగలు లేపాను. నా జీవితంలో నేను చేసిన పని మొత్తం అదే, పది నిమిషాలు కూడా లేదు. బాగుంది.

స్రవంతి ఆ కాగితాలతో ప్రొఫెసర్ గదికి వెళ్ళింది. ఖాళీ సీసా కూడా పట్టుకెళ్ళింది, ఆయన నమ్మడేమోనని. ఖాళీ అంటే మరీ ఖాళీ కాదు, గాజు గోడకు అంటుకున్న తడిలో నేనింకా కాస్త ఉన్నాను. అందుకే ఇక్కడి నుంచి కూడా చెప్పగలుగుతున్నాను.

"మంచిగొచ్చింది గద!" అన్నాడాయన సంబరంగా. "శభాష్. మూడుసార్లు జేసినట్టు రాసెయ్. అటు ఇటు రెండంకెలు మార్చు. యూనిట్లు లేబుల్ మీదియే రాయి, ఐదు వేలు."

"ఒక్కసారే చేసిన సార్. ఐదు వేలు గూడ లేవు. రెండొందల పన్నెండే ఉన్నయి."

"అది రాస్తే, తక్కినయి ఏమైనయని అడుగుతరు."

"అడుగుతరు సార్."

"ఏమని చెప్తవు?"

"జరిగిందే చెప్త."

ఆయన చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. ఆయన చెడ్డ మనిషి కాదని ఐలయ్య అంటాడు. కావచ్చు. ఆమె హాస్టల్ ఫీజు ఒకసారి ఆయనే కట్టాడట. అలాంటివాళ్ళ మీద ఫిర్యాదు చేయడమే కష్టం.

"చూడు స్రవంతీ. నువ్వు నా బిడ్డ లెక్క. ఒక్కసారని రాస్తే ఆ కాగితం మీద నా సంతకం ఉండది."

"మూడుసార్లని రాస్తే నా సంతకం ఉండది సార్," అంది ఆమె.

ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. ఆమె రోజూ అదే కాగితం తెచ్చి ఆయన బల్ల మీద పెట్టేది. ఆయన రోజూ దాని మీద పేపర్‌వెయిట్ పెట్టేవాడు. ముప్పైన రిజిస్ట్రార్ దగ్గరికి పోయింది. గైడు సంతకం లేనిదే కాగితం తీసుకోం అన్నారు. ముప్పై ఒకటి సాయంత్రం ఐదుకు ఆఫీసు కిటికీ మూశారు. ఐదుంబావుకు ఐలయ్య ఆమెకు టీ తెచ్చిచ్చాడు. ఆమె తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, తన తెల్ల కోటు మడిచి సంచిలో పెట్టుకుంది.

స్రవంతి ఇప్పుడు బస్టాండు దగ్గర ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తోంది. పేరు ముందు డాక్టర్ లేదు.

నా సంగతికొస్తే, నన్ను చెత్తలో వేయలేదు. వేస్తారనే అనుకున్నాను. డిసెంబరులో ఇంకో బృందం వస్తోందని తెలిసి, జగదీశ్వర్ ఐలయ్య చేత సీసాను నీళ్ళతో నింపించి, కొత్త అల్యూమినియం సీలు నొక్కించాడు. శాఖ వరండాలో గాజు బీరువా ఒకటుంది. అందులో మఖమల్ గుడ్డ మీద, చిన్న బల్బు కింద నిలబెట్టారు. ఇప్పుడు ఫ్రీజర్ అక్కర్లేదు. వచ్చినవాళ్ళందరూ చూస్తారు, ఎంతసేపైనా చూస్తారు, నేను పాడు కాను.

మొన్న ఫిబ్రవరిలో స్రవంతి తన సర్టిఫికెట్లు తీసుకోవడానికి వచ్చింది. బీరువా ముందు ఆగింది. ఐలయ్య పక్కకొచ్చి నిలబడ్డాడు.

"దాంట్ల ఏమున్నదన్నా?"

"నల్లా నీళ్ళు మేడం. నేనే వట్టిన."

"ఎవరు అడగలేదా?"

"ఎవరడుగుతరు మేడం? సీలున్నది గద."

ఆమె గాజుకు దగ్గరగా వంగి నా లేబుల్ చదివింది. పసుపు మరక ఇంకా ఉంది. సంచిలోంచి పెన్ను, చిన్న కాగితం తీసి ఏదో రాసి, బీరువా అద్దం సందులోంచి లోపలికి జారవిడిచింది. అది నా పక్కన మఖమల్ మీద పడింది. తర్వాత ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఐలయ్య చూశాడు గానీ తీయలేదు. ప్రొఫెసర్ ఇంకా గమనించలేదు, ఆయన బీరువా వైపు బృందాలు వచ్చినప్పుడే చూస్తాడు.

కాగితం మీద ఉన్నది ఇంతే: వచ్చినప్పుడు ఐదు వేల యూనిట్లు. పరీక్షకు అందినవి రెండు వందల పన్నెండు. పోయినవి నాలుగు వేల ఏడు వందల ఎనభై ఎనిమిది.